48 గంటలు... ఒక సాంబారు బకెట్!

ఆదివారం రాత్రి 8.40. గడువు 9 గంటలకి. ల్యాప్‌టాప్ ముందు నేనూ, మా మేనల్లుడూ. వెనకాల మంచం మీద మా నాన్న. స్క్రీన్ మీద పెళ్లి పందిరి ఉంది. అరటాకులు ఉన్నాయి. బంతిలో వరసగా మావయ్యలూ, బాబాయిలూ కూర్చుని ఉన్నారు. బకెట్ పట్టుకుని వడ్డించే మనిషి కూడా బయల్దేరాడు. సాంబారు మాత్రం లేదు!

మధ్యాహ్నం దాకా మా కంప్యూటర్లో ధారగా కారిన సాంబారు, ఆటను నెట్‌లోకి ఎక్కించేసరికి మాయమైపోయింది. గరిటె వంగుతోంది, ఆకులో ఏమీ పడటం లేదు. "అత్తా, ఇంక ఇరవై నిమిషాలే" అంటున్నాడు మావాడు. నాకు చెమటలు పడుతున్నాయి. నాన్న తాపీగా అన్నారు: "పెళ్లిలో సాంబారు అందకపోతే ఏం చేస్తామో తెలుసా? పప్పు ఇంకోసారి తిప్పుతాం. ఈలోపు వంటవాళ్లు చూసుకుంటారు. కంగారు పడినట్టు బంతికి కనపడకూడదు, అంతే."

ఇది మా ఇంట్లో జరిగిన మొదటి గేమ్ జామ్ కథ. దీంట్లో నేను నేర్చుకున్నది కంప్యూటర్ గురించి కొంచెం, నవ్వు గురించి ఎక్కువ, మా నాన్న గురించి అన్నిటికంటే ఎక్కువ.

ఇంతకీ గేమ్ జామ్ అంటే...

రొట్టె మీద రాసుకునే జామ్ కాదండీ. జాజ్ వాయిద్యకారులు ఒకచోట చేరి, ముందు అనుకోకుండా అప్పటికప్పుడు కలిసి వాయిస్తే దాన్ని జామ్ అంటారు. వీడియో గేములు తయారుచేసేవాళ్లు ఆ మాటను తెచ్చేసుకున్నారు. ఒక గడువు పెడతారు. 48 గంటలు కావచ్చు, 72 గంటలు కావచ్చు, వారం కావచ్చు. సరిగ్గా మొదలయ్యే వేళకి ఒక అంశం ప్రకటిస్తారు. ఆ అంశం మీద, ఆ గడువులోగా ఒక ఆటను మొదటి నుంచి చివరిదాకా తయారుచేసి అందరికీ ఆడటానికి పెట్టాలి. తర్వాత పాల్గొన్నవాళ్లే ఒకరి ఆట ఒకరు ఆడి మార్కులేసుకుంటారు. చాలా జామ్‌లలో డబ్బు బహుమతి ఉండదు. మరి ఎందుకు చేస్తారంటే, తిరునాళ్లకి ఎందుకు వెళ్తాం? అదీ అంతే.

ఈ పద్ధతి మొదలై ఇరవై ఏళ్లు దాటింది. 2002 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్లండ్‌లో కొంతమంది ప్రోగ్రామర్లు 'ఇండీ గేమ్ జామ్' పేరుతో కలిశారు. తెర మీద ఒకేసారి లక్ష బొమ్మల్ని కదిలించగల ప్రోగ్రాం ఒకటి అందరి చేతికీ ఇచ్చి, దీంతో మీకు తోచింది చేయండి అన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో 'లూడమ్ డారే' మొదలైంది. లాటిన్‌లో దానర్థం 'ఆటను ఇవ్వడం' అని. 2009లో మొదటిసారి జరిగిన 'గ్లోబల్ గేమ్ జామ్'లో ఒకే వారాంతంలో 23 దేశాల్లో 53 చోట్ల జనం కూర్చుని ఆటలు చేశారు. ఇప్పుడైతే ఇట్చ్ డాట్ ఐఓ అనే సైట్ తెరిస్తే ఏ రోజైనా ఎవరో ఒకరు ఏదో ఒక జామ్ నడుపుతూనే ఉంటారు. మేం చేరింది అలాంటి ఒక చిన్నదాంట్లోనే.

అసంపూర్తి ఆటల అత్త

నేనేమీ గేములు చేసే ఉద్యోగిని కాదు. హైదరాబాద్‌లో ఒక బీమా ఆఫీసులో పని. మూడేళ్ల క్రితం రాత్రిపూట నిద్ర పట్టక, వీడియోలు చూస్తూ 'గోడాట్' నేర్చుకోవడం మొదలుపెట్టాను. అర్జెంటీనాలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ని 2014లో అందరికీ ఉచితంగా వదిలారు. పైసా కట్టక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

నేర్చుకోవడమైతే నేర్చుకున్నా గానీ, మూడేళ్లలో ఒక్క ఆట కూడా పూర్తిచేయలేదు. నా కంప్యూటర్లో ఫోల్డర్ల పేర్లు చూస్తే మీకే అర్థమవుతుంది: 'కొత్త ఆట', 'కొత్త ఆట 2', 'కొత్త ఆట అసలైనది', 'ఇదే ఫైనల్'. అందులో ఒకటి ఏకంగా పల్నాటి యుద్ధం. నలభై ఘట్టాలు అనుకున్నా. కోడిపుంజు నడవడం దగ్గరే ఆగిపోయింది.

ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్న మా అన్నయ్య కొడుకు సెలవులకి వచ్చి ఇవన్నీ చూసి నవ్వాడు. "అత్తా, నీకు కావాల్సింది టైం కాదు, టైం లేకపోవడం" అన్నాడు. ఆ వారాంతానికి జామ్‌లో పేరిచ్చేశాడు. నన్నడగలేదు.

ఇక మా నాన్న. రావులపాలెం దగ్గర పల్లె మాది. ముప్ఫై ఏళ్లకు పైగా పెళ్లి వంటల బృందంతో వడ్డనకి వెళ్లారు. ఎడం చేత్తో సాంబారు బకెట్, కుడి చేత్తో గరిటె. వంద మంది బంతిని ఒక్క చుక్క కింద పడకుండా తిప్పుకొచ్చేవారని ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక కొంత వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఆ తర్వాత ఆయన ఒక్క పెళ్లికీ రాలేదు. ఎడం చేత్తో బంతిలో కూర్చుని తినడం ఆయనకి ఇష్టం లేదు. ఎవరు పిలిచినా "మీరెళ్లి రండి" అనేవారు. మేం కూడా బలవంతపెట్టడం మానేశాం.

శుక్రవారం రాత్రి: ఆగకూడదట!

శుక్రవారం రాత్రి 9కి అంశం వచ్చింది. తెలుగులో చెప్పాలంటే 'ఆపలేం'.

మావాడు బ్రేకుల్లేని లారీ అన్నాడు. నేను తుమ్ములు ఆగని దొంగ అన్నాను. బ్రేకుల్లేని లారీ ఆలోచన కనీసం వందమందికి వస్తుందని వాడే తీసేశాడు. జామ్‌లో పెద్దవాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది: మొదట తట్టినదాన్ని పక్కన పెట్టు, అది అందరికీ తట్టి ఉంటుంది. పది దాటింది, పదకొండు దాటింది. నవ్వించే ఆట చేయాలని ముందే ఒట్టు పెట్టుకున్నాం కాబట్టి ఇంకా కష్టంగా ఉంది. నవ్వించాలని కూర్చుంటే ఏడుపొస్తుంది కదా!

మా అమ్మ అన్నానికి పిలిచింది. నాకు ఇంకో గరిటెడు పులుసు పోయబోతే "వద్దమ్మా, చాలు చాలు" అన్నాను. పోసేసింది. మావాడు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దు నానమ్మా" అన్నాడు. వేళ్ల సందులోంచి పోసింది. నేనూ వాడూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

ఆపలేనిది ఏదైనా ఉందంటే అది తెలుగువాళ్ల వడ్డన!

రాత్రి 12కి కాగితం మీద ఆట సిద్ధం. పెళ్లి బంతి. వడ్డించే మనిషి వాడంతట వాడే నడుస్తూ పోతుంటాడు, ఆగడు. ఎందుకంటే వెనక అప్పడాలవాడు తోస్తుంటాడు. ఆడేవాళ్ల పని ఒక్కటే: మీట నొక్కితే గరిటె వంగుతుంది, వదిలితే ఆగుతుంది. కూర్చున్నవాళ్లు అందరూ "వద్దు" అనే అంటారు. అందులో ఎవరు నిజంగా వద్దంటున్నారో, ఎవరు మొహమాటానికి అంటున్నారో కనిపెట్టాలి. కావాల్సినవాడికి పోయకపోతే 'మర్యాద మీటరు' పడిపోతుంది. "మాకు మర్యాద జరగలేదు" అని లేచి బస్టాండ్ వైపు నడిచిపోతాడు. వద్దన్నవాడికి పోస్తే పంచె పాడవుతుంది.

రెండు మూడు మీటలు పెడదామన్నాడు మావాడు. నేను ఒక్కటే చాలన్నాను. అప్పుడు కారణం పైకి చెప్పలేదు. ఒక్క మీట అయితే నాన్న కూడా ఎడం చేత్తో ఆడొచ్చు.

శనివారం: జోకులు పండలేదు

శనివారం మధ్యాహ్నానికి బొమ్మలు కదిలాయి. బొమ్మలంటే ఏం లేదు, బంగాళాదుంపకి మీసం పెట్టినట్టుంటాయి. నాకు డ్రాయింగ్ రాదు. ఫర్వాలేదు, నవ్వించే ఆటకి బొమ్మలు మరీ బావుంటే కూడా చిక్కే.

కూర్చున్నవాళ్ల నోటి వెంట వచ్చే మాటలు నేను రాశాను. షుగర్ గురించి, అల్లుడి జీతం గురించి, కట్నం స్కూటర్ గురించి ఇరవై జోకులు. రాస్తూ నేనే నవ్వుకున్నాను. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి స్పేస్ బార్ చూపించాం. ఆయన ఆడారు. ఒక్క జోకుకీ నవ్వలేదు. అసలు చదవలేదు. "మనిషి నడుస్తుంటే ఆ పైన రాసింది ఎవడు చదువుతాడే?" అన్నారు.

అది మొదటి దెబ్బ. రెండోది ఇంకా గట్టిది. "అయినా మీ ఆట తప్పు. ఎవరికి కావాలో వీడికెలా తెలుస్తుంది?" అన్నారు.

"మాటని బట్టి నాన్నా..."

"మాటని ఎవడు వింటాడు? సన్నాయి మోగుతుంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు. వడ్డించేవాడు మాట వినడు, మొహం చూడడు. చెయ్యి చూస్తాడు."

ఆ తర్వాత అరగంట పాటు నాన్న ఎడం చేత్తో చూపిస్తూ చెబుతూనే ఉన్నారు. మావాడు నోట్‌బుక్ తీశాడు. అరచెయ్యి ఆకుకి ఆనించి, వేళ్లు దగ్గరగా ఉంటే నిజంగా వద్దని. చెయ్యి ఆకుకి జానెడు ఎత్తులో ఉండి, వేళ్లు విడిపోయి ఉంటే సగం గరిటె కావాలని. చెయ్యి అడ్డం పెట్టి పక్కవాడి ఆకులోకి చూస్తుంటే వాడికి వేసినంత వీడికీ వేయాలని. రెండు చేతులూ అడ్డం పెట్టేది చిన్నపిల్లలు, వాళ్లకి అస్సలు వేయకూడదు. చెయ్యి అడ్డం పెట్టకుండా తల పక్కకి తిప్పుకుని కూర్చున్నాడంటే అలిగాడని అర్థం, రెండు గరిటెలు వేసి "తీసుకోండి బావగారూ" అనాలి.

ముప్ఫై ఏళ్ల పని అది. మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు.

నా ఇరవై జోకులూ తీసేశాం. వాటి బదులు అయిదు రకాల చేతులు గీశాం. అంతే, ఆట ఆటయింది. ఇప్పుడు ఆడేవాళ్లకి చూడటానికి ఒకటుంది, అంచనా వేయడానికి ఒకటుంది, పొరబడటానికీ ఒకటుంది. నవ్వు ఆ పొరపాటులోంచే వస్తుంది.

మేకా, డాక్టరూ చెప్పిన పాఠం

ఇది మేం కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదని మావాడు శనివారం సాయంత్రం టీ తాగుతూ చెప్పాడు. జామ్‌లలో పుట్టి ప్రపంచమంతా నవ్వించిన ఆటలు కొన్ని ఉన్నాయి.

2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో అంశంగా మాటలేమీ ఇవ్వలేదు, గుండె చప్పుడు వినిపించారు. లండన్‌లోని బోసా స్టూడియోస్ వాళ్లు 48 గంటల్లో 'సర్జన్ సిమ్యులేటర్' చేశారు. గుండె మార్పిడి ఆపరేషన్ మీరే చేయాలి. కానీ చేతి వేళ్లు ఒక్కోటీ ఒక్కో మీటకి కట్టేసి ఉంటాయి. కత్తి పట్టుకోబోతే గడియారం కింద పడుతుంది, పక్కటెముక తీయబోతే సుత్తి రోగి పొట్టలో పడుతుంది. ఆ ఆటలో నవ్వంతా మన చెయ్యి మన మాట వినకపోవడంలోనే ఉంది. అదే ఏడాది దాన్ని పెంచి అమ్మకానికి పెట్టారు.

స్వీడన్‌లో కాఫీ స్టెయిన్ స్టూడియోస్ వాళ్లు 2014 జనవరిలో ఆఫీసులో సరదాగా పెట్టుకున్న జామ్‌లో 'గోట్ సిమ్యులేటర్' చేశారు. మీరొక మేక. ఊళ్లో పడి కనిపించినదాన్నల్లా కుమ్మడమే పని. దాని వీడియో చూసి జనం ఎగబడితే, అదే ఏడాది ఏప్రిల్ 1న విడుదల చేశారు. తమాషా ఏంటంటే, ఆటను ఆపేసే లోపాలు తప్ప మిగతా లోపాలన్నీ కావాలనే వదిలేశారు. మేక మెడ సాగిపోతే సాగనీ, గోడలో ఇరుక్కుంటే ఇరుక్కోనీ అన్నారు.

'బాబా ఈజ్ యు' అనే ఆటది ఇంకో దారి. 2017లో డెన్మార్క్‌లో జరిగిన నార్డిక్ గేమ్ జామ్‌లో ఫిన్లాండ్ కుర్రాడు ఆర్వి తెయికారి చేశాడు. ఆట నియమాలే పదాల దిమ్మెలుగా తెర మీద పడి ఉంటాయి. వాటిని తోసి కొత్త వాక్యం చేస్తే నియమమే మారిపోతుంది. గోడ మీరైపోవచ్చు, మీరు గోడైపోవచ్చు. ఆ జామ్‌లో గెలిచి, 2019లో పూర్తి ఆటగా వచ్చింది.

మూడింట్లోనూ ఒకటే కనిపిస్తుంది. ఆటలో హాస్యం అంటే చెప్పేది కాదు, ఆడేవాళ్ల చేత చేయించేది. సినిమాలో కమెడియన్ కాలు జారితే మనం నవ్వుతాం. ఆటలో జారేది మన కాలే.

శనివారం రాత్రి: పైకెగిరిన మావయ్య

రాత్రి పదకొండుకి ఒక లోపం వచ్చింది. మా సాంబారు చుక్కలు నిజానికి చిన్న చిన్న బంతులు. వాటికి బరువుంటుంది, ఒకదానికొకటి తగిలితే దొర్లుతాయి. కూర్చున్న మనుషులకి కూడా అలాగే బరువు పెట్టాం, తోస్తే కదలాలని. మీట వదలకుండా పోస్తూనే ఉంటే చుక్కలు పెరిగిపోయి, మావయ్య అరచేతి లోపలే కొన్ని పుట్టుకొస్తున్నాయి. ఒకే చోట రెండు వస్తువులు ఉండకూడదు కదా. కంప్యూటర్ వాటిని విడదీయడానికి బలం కొద్దీ తోసేస్తుంది. ఫలితం: "చాలు చాలు" అంటూనే మావయ్య రాకెట్‌లా లేచి, షామియానా చించుకుని ఆకాశంలోకి వెళ్లిపోయాడు. వెనకే ఆయన కుర్చీ.

నేను తల పట్టుకున్నాను. వెనక నుంచి ఏదో శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే నాన్న. నవ్వుతున్నారు. మామూలుగా కాదు, భుజాలు ఊగిపోతూ, కళ్లలో నీళ్లొచ్చేలా. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, ఏమైందోనని భయపడి. "సాంబారు... సాంబారెక్కువై పోయాడే..." అంటున్నారు గానీ మాట పూర్తి కావడం లేదు.

రెండేళ్లయింది ఆ నవ్వు విని.

లోపాన్ని సరిచేయలేదు. సరిచేయనివ్వలేదు నాన్న. మేక ఆటవాళ్లు చేసినట్టే దాన్ని ఆటలో భాగం చేశాం. మూడు గరిటెలు దాటితే మనిషి ఎగురుతాడు. ఎంత ఎత్తు ఎగిరాడో మీటర్లలో కూడా చూపిస్తాం. ఇంకో బంతిలో కూర్చున్నవాళ్లు తల పైకెత్తి చూసి మళ్లీ తినడం మొదలుపెడతారు. ఆ తల పైకెత్తే ఆలోచన మావాడిది. నిజానికి ఎగిరినవాడి కంటే, చూసి తినేవాళ్లకే ఎక్కువ నవ్వొస్తుంది.

ఆదివారం: కోతలు, కూతలు

ఆదివారం ఉదయం చేసిన ముఖ్యమైన పని, అనుకున్నవి తీసేయడం. మెనూలో పులిహోర, గారెలు, పెరుగు అన్నిటికీ వేరే ఘట్టాలు రాసుకున్నాం. అన్నీ కొట్టేశాం. ఒక్క సాంబారే. పెళ్లికొడుకు మేనత్త పాత్రని మాత్రం ఉంచాం. ఆవిడకి పోసినా కోపమే, పోయకపోయినా కోపమే. పల్నాటి యుద్ధానికి నలభై ఘట్టాలు రాసుకున్న నాకు ఈ కొట్టేయడమే అన్నిటికంటే కష్టమైంది.

తర్వాత శబ్దాలు. జామ్‌లలో చాలామంది వాడే 'ఎస్ఎఫ్ఎక్స్ఆర్' అనే చిన్న ప్రోగ్రాం ఉంది. 2007లో లూడమ్ డారే కోసమే ఒకాయన చేసి ఇచ్చాడు. మీటలు నొక్కితే పాత గేముల్లో వినిపించే టుయ్ టుయ్ శబ్దాలు తయారవుతాయి. ఎగిరే శబ్దం దాంతోనే చేశాం. గరిటె బకెట్‌కి తగిలే చప్పుడు మాత్రం అసలుదే. మా వంటింటి గరిటెతో, బాత్‌రూమ్ బకెట్‌తో ఫోన్‌లో రికార్డు చేశాం. "వద్దు" అనే గొంతు మా అమ్మది. "ఎలా అనాలి?" అనడిగింది. ఎలాగైనా అనమన్నాం. ఏడు రకాలుగా అంది. ఒక్కటి కూడా ఇంకోదానిలా లేదు. చివరిదాంట్లో కన్నీళ్లు కూడా ఉన్నాయి. ఏడూ పెట్టేశాం.

ఇక తెలుగు అక్షరాలు. మా కంప్యూటర్లో చక్కగా కనిపించిన "వద్దు", బ్రౌజర్లో డబ్బాలుగా మారింది. కారణం తెలిశాక సులువే: కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫాంటుని గోడాట్ అరువు తెచ్చుకుంటుంది. బ్రౌజర్లో ఆ అరువు పుట్టదు. ఫాంటుని ఆటతోపాటే కట్టి పంపాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు 'తెనాలి రామకృష్ణ'. నవ్వించే ఆటకి ఇంకేం వెతుకుతాం? అదే పెట్టాం.

చివరికి 8.40కి ఆ సాంబారు మాయం.

నాన్న చెప్పినట్టు కంగారు పడకుండా చూస్తే, 8.49కి దొరికింది. చుక్క బొమ్మ ఉన్న ఫైలు పేరు ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరంతో మొదలవుతుంది. ప్రోగ్రాంలో నేను చిన్న అక్షరంతో రాశాను. మా ఇంటి విండోస్ కంప్యూటర్ అది పట్టించుకోదు, రెండూ ఒకటే అనుకుంటుంది. నెట్‌లోకి పంపేందుకు మూట కట్టాక మాత్రం పెద్దది పెద్దదే, చిన్నది చిన్నదే. ఒక్క అక్షరం మార్చి మళ్లీ ఎక్కించాం. 8.56కి ఆకులో సాంబారు పడింది. మా మేనల్లుడు అరిచిన అరుపుకి పక్క ఫ్లాటువాళ్లు తలుపు తట్టారు.

ఎంతమంది తిన్నారు?

వారం రోజుల్లో మా ఆటను 31 మంది ఆడారు. మార్కుల్లో మధ్యస్తంగా ఎక్కడో వచ్చాం. ముందు చెప్పడం మర్చిపోయాను, ఆ "వద్దు" మాటల కింద చిన్నగా ఇంగ్లిష్ కూడా పెట్టాం. అయినా బంతి అంటే ఏంటో, ఆకు మీద చెయ్యి ఎందుకు పెడతారో తెలియని ఊళ్లవాళ్లు ఎలా ఆడతారోనని భయం ఉండేది. మొదటి అభిప్రాయం రాసినావిడ, మా నానమ్మా ఇంతే, వద్దంటే వినదు అని రాసింది. ఆవిడది మనదేశం కూడా కాదు. వడ్డించే చేతుల భాష అన్ని ఇళ్లలో ఒకటేనేమో.

మీరూ చేయాలనుకుంటే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. మొదటి జామ్‌కి ఒక్క మీట, ఒక్క తెర చాలు. ఒక్క రోజులో అయిపోతుందనిపించే ఆటనే ఎంచుకోండి, అది రెండు రోజులు పడుతుంది. ప్రోగ్రామింగ్ అస్సలు రాకపోతే పిల్లలు వాడే 'స్క్రాచ్'తో మొదలుపెట్టినా ఎవరూ నవ్వరు. సగం అయ్యీ అవకముందే, గేములు ఆడని మనిషి చేతికివ్వండి. మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకండి, వాళ్ల మొహం చూడండి. మీరు నవ్వుతారనుకున్న చోట నవ్వకపోతే ఆ చోటు తీసేయండి. అనుకోని చోట నవ్వితే దాన్నే పెంచండి. గడువుకి ఓ మూడు గంటల ముందే ఒకసారి నెట్‌లో పెట్టి చూసుకోండి. మాలాగా ఇరవై నిమిషాల ముందు కాదు.

అన్నిటికంటే ముఖ్యంగా, నవ్వు కోసం ఎక్కడెక్కడికో వెళ్లకండి. మీ ఇంట్లో ఎవరికో ఒక పని బాగా వచ్చి ఉంటుంది. బస్సులో టికెట్లు కొట్టడమో, రేషన్ షాపులో క్యూ నడపడమో, పాతిక మంది పిల్లలకి జడలు వేయడమో. ఆ పనిలో వాళ్లు ఏం చూస్తారో అడగండి. ఆట అక్కడుంటుంది.

నాన్న ఇప్పటికీ రోజూ సాయంత్రం ఒకసారి ఆడతారు. మావయ్యని 212 మీటర్లు లేపడం ఆయన రికార్డు. మొన్న మా పిన్ని కూతురి పెళ్లి శుభలేఖ వచ్చింది. అలవాటు ప్రకారం బల్ల మీద పెట్టేసి ఊరుకున్నాను. ఆయనే తీసి చూశారు.

"వడ్డన ఎవరిది, బఫేనా బంతా?" అనడిగారు.

"బంతే నాన్నా. వస్తారా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. ఎడం చేతిని ఎత్తి, బల్ల మీద జానెడు ఎత్తులో పెట్టి "వద్దులే" అన్నారు.

వేళ్లు విడిగా ఉన్నాయి.

నాకిప్పుడు ఆ భాష వచ్చు. ముగ్గురికీ టికెట్లు తీశాను.